కొలువు పోయినా సన్నదు పోదా?

ఈ సంచిక ‘న్యాయ సందేహాలు’ శీర్షికకు వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే విషయం చుట్టూ తిరిగాయి. అమెరికాలో తప్పు చేసిన పోలీసు అధికారిని అదుపు చేసేది ఎవరు, అతని అర్హతను తీసివేయగలిగేది ఎవరు అన్నదే ఆ విషయం. పిల్లలు అక్కడ చదువుకుంటున్న, ఉద్యోగాలు చేస్తున్న కుటుంబాల నుంచే ఈ ఉత్తరాలు హెచ్చుగా వచ్చాయి కాబట్టి, ఈసారి ఆస్తి తగాదాలను, వీలునామాలను పక్కన పెట్టి వీటికే చోటు ఇస్తున్నాము.

ప్రశ్న: మా ఊరి అమ్మాయి కందుల జాహ్నవి సియాటిల్‌లో పోలీసు వాహనం ఢీకొని చనిపోయింది. ఆ వాహనం నడిపిన అధికారిని అంతకు ముందే వేరే నగరంలో ఉద్యోగం నుంచి తీసివేశారని తరువాత వార్తల్లో చదివాను. ఒకచోట పనికిరాడని పంపించిన మనిషికి ఇంకొకచోట తుపాకీ, బండి ఎలా అప్పగించారు? అక్కడి ప్రభుత్వానికి ఈ సంగతి తెలియదా?
– ఒక ఉపాధ్యాయిని, ఆదోని

జవాబు: మీ ప్రశ్నలోనే అసలు సమస్య అంతా ఉంది, అందుకే దీనిని మొదట తీసుకున్నాను. 2023 జనవరి 23 రాత్రి జాహ్నవి రోడ్డు దాటుతుండగా ఆ అధికారి వాహనం ఢీకొంది. గంటకు 25 మైళ్లకు మించరాని వీధిలో ఆయన 74 మైళ్ల వేగంతో, అంటే సుమారు 119 కిలోమీటర్ల వేగంతో వెళ్లినట్లు విచారణలో తేలింది. ఆయన 2019లో సియాటిల్ కొలువులో చేరారు. అంతకు ముందు అరిజోనా రాష్ట్రంలోని టూసాన్ నగర పోలీసు శాఖలో పని చేయగా, ఆ శాఖ 2013లో ఆయనను ఉద్యోగం నుంచి తొలగించింది.

ఇది ఎలా సాధ్యమయిందో అర్థం కావాలంటే ముందుగా ఒక తేడా గమనించాలి. మన దగ్గర పోలీసు అంటే రాష్ట్ర ప్రభుత్వ శాఖ. కర్నూలులో పని చేసినా కాకినాడలో పని చేసినా యజమాని ఒకరే. అమెరికాలో అలా కాదు. అక్కడ నగరానికి ఒక పోలీసు శాఖ, మన జిల్లా వంటి కౌంటీకి ఒక షెరీఫ్ కార్యాలయం, విశ్వవిద్యాలయానికి ఒకటి, కొన్నిచోట్ల రైల్వేకు, పాఠశాలలకు కూడా వేరే శాఖలు ఉంటాయి. ఇలాంటివి దేశమంతటా కలిపి సుమారు 18,000 ఉన్నాయి. ఎవరిని చేర్చుకోవాలో, ఎవరిని పంపించివేయాలో ప్రతి శాఖా తనకు తానే తేల్చుకుంటుంది. కాబట్టి ఒక శాఖ తొలగించిందంటే ఆ శాఖలో కొలువు పోయిందని మాత్రమే అర్థం, పోలీసు వృత్తికే అనర్హుడయ్యాడని కాదు.

వకీళ్ల సంగతి తీసుకుంటే ఇది తేలికగా బోధపడుతుంది. ఒక కంపెనీ తన న్యాయ సలహాదారుణ్ణి ఉద్యోగం నుంచి తీసివేసినంత మాత్రాన ఆయన వకీలు కాకుండా పోడు. ఆయన సన్నదు, అంటే వృత్తి చేసుకునే అనుమతి, బార్ కౌన్సిల్ చేతిలో ఉంటుంది, దానిని రద్దు చేయాలంటే వేరే విచారణ జరగాలి. అమెరికాలో పోలీసు అధికారికి కూడా అటువంటి సన్నదు ఒకటి ఉంది; కింద సర్టిఫికెట్ అన్నా, లైసెన్సు అన్నా అదే. దానిని ఇచ్చేదీ, తీసుకునేదీ రాష్ట్ర ప్రభుత్వపు కమిషన్. ఉద్యోగం ఇచ్చేదీ, తీసివేసేదీ స్థానిక శాఖ. ఈ రెండు చేతుల మధ్య సమాచారం సరిగ్గా నడవకపోతే, కొలువు పోయిన వ్యక్తి చెక్కుచెదరని సన్నదుతో పక్క ఊరి తలుపు తట్టగలడు. అక్కడ ఇలాంటివారికి ‘తిరుగుడు అధికారులు’ అని అర్థం వచ్చే పేరే స్థిరపడింది.

ఇది అరుదైన సంగతి కూడా కాదు. ఫ్లోరిడాలో మూడు దశాబ్దాల ఉద్యోగ రికార్డులను పరిశీలించి బెన్ గ్రున్‌వాల్డ్, జాన్ రాపపోర్ట్ అనే ఇద్దరు న్యాయశాస్త్ర ఆచార్యులు 2020లో ఒక అధ్యయనం ప్రకటించారు. గతంలో ఎక్కడో ఒకచోట ఉద్యోగం నుంచి తొలగింపునకు గురైనవారు ఆ రాష్ట్రంలో ఏ ఏడాది చూసినా సగటున సుమారు 1,100 మంది పోలీసులుగా పని చేస్తున్నారని, మొత్తం అధికారుల్లో వారు దాదాపు 3 శాతమని, మళ్లీ తొలగింపునకు గురయ్యే అవకాశం, తీవ్రమైన ఆరోపణలు ఎదుర్కొనే అవకాశం మిగతావారి కంటే వారి విషయంలో ఎక్కువని అందులో తేలింది. అలాంటివారు తరచుగా చేరేది జీతాలు తక్కువగా ఇవ్వగలిగే చిన్న శాఖల్లోనే. శిక్షణ పూర్తయిన మనిషి తక్కువ ఖర్చుకు దొరుకుతున్నాడంటే వెనకటి కథ తవ్వి చూసే ఓపిక చాలామందికి ఉండదు.

క్లీవ్‌లాండ్‌లో 2014 నవంబరులో బొమ్మ తుపాకీతో ఆడుకుంటున్న పన్నెండేళ్ల టమీర్ రైస్‌ను కాల్చిన అధికారి విషయంలో జరిగింది అచ్చంగా అదే. ఆయన అంతకు ముందు ఇండిపెండెన్స్ అనే చిన్న ఊరి శాఖలో పని చేసినప్పుడు తుపాకీ శిక్షణలో ఆయన మానసికంగా నిలకడ లేకుండా ప్రవర్తించాడని, ఉద్యోగానికి తగడని పై అధికారి ఫైలులో రాసిపెట్టారు. ఆయన రాజీనామా చేసి బయటపడ్డాడు. క్లీవ్‌లాండ్ శాఖ చేర్చుకునే ముందు ఆ ఫైలు తెరిచి చూడలేదు. 2017లో ఆయనను ఉద్యోగం నుంచి తీసివేసినప్పుడు కూడా కారణం ఆ కాల్పులు కావు, ఉద్యోగ దరఖాస్తులో నిజం చెప్పకపోవడం. 2022లో పెన్సిల్వేనియాలోని టయోగా అనే చిన్న పట్టణం ఆయనకు మళ్లీ ఉద్యోగం ఇచ్చి, గొడవ కావడంతో కొద్ది రోజుల్లోనే ఆ నియామకం రద్దయింది. ఆ పట్టణాన్ని వెనక్కు తగ్గేటట్లు చేసింది పత్రికలూ, జనమూ తప్ప చట్టం కాదని గమనించండి.

జాహ్నవి కేసులో మీకు తెలియవలసిన మరొక సంగతి ఉంది. సియాటిల్ ఉన్న వాషింగ్టన్ రాష్ట్రంలో ఈ సన్నదు వ్యవహారం చూసే క్రిమినల్ జస్టిస్ ట్రైనింగ్ కమిషన్ అధికారాలను 2021లో వచ్చిన చట్టం బాగా పెంచింది. కొత్తగా ఎవరినైనా చేర్చుకునే శాఖ వారి పూర్వ ఉద్యోగాల క్రమశిక్షణ రికార్డులన్నీ విచారించి తీరాలన్న నియమం కూడా ఆ చట్టంలో ఉంది. కానీ ఆ అధికారి నియామకం అంతకు రెండేళ్ల ముందే పూర్తయింది.

ప్రశ్న: నేను ఎడిసన్‌లో పదిహేనేళ్లుగా ఉంటున్నాను. ఇక్కడ క్షురకుడికీ, ఎలక్ట్రీషియన్‌కూ రాష్ట్ర లైసెన్సు కావాలి. పోలీసులకు మాత్రం మొన్న మొన్నటి వరకు లైసెన్సు లేదని విన్నాను, నిజమేనా?
– ఒక పాఠకుడు, న్యూజెర్సీ

జవాబు: నిజమే. మీ రాష్ట్రంలో పోలీసు లైసెన్సు చట్టం మీద గవర్నరు 2022 జులైలో సంతకం చేయగా, అది 2024 జనవరి నుంచి అమలుకు వచ్చింది. లైసెన్సును మూడేళ్లకు ఒకసారి పునరుద్ధరించుకోవాలి.

కొంచెం వెనక్కు వెళితే, పోలీసులకు కనీస శిక్షణ ఇంత ఉండాలని నిర్ణయించే రాష్ట్ర మండళ్లు మొదట 1959లో కాలిఫోర్నియాలోనూ న్యూయార్క్‌లోనూ ఏర్పడ్డాయి. అయితే అవి శిక్షణకు పుట్టిన సంస్థలు. తప్పు చేసినవారి సర్టిఫికెట్ తీసివేసే అధికారం వేరు. దానిని మొట్టమొదట 1969లో న్యూ మెక్సికో తెచ్చుకుంది, తరువాత ఒక్కొక్క రాష్ట్రమే ఆ దారి పట్టింది. 2020 మే 25న మినియాపొలిస్‌లో పోలీసు అధికారి చేతిలో జార్జ్ ఫ్లాయిడ్ హత్య జరిగే నాటికి ఈ ఏర్పాటు లేనివి, లేదా కాగితం మీద తప్ప ఆచరణలో లేనివి ఐదు రాష్ట్రాలు మిగిలాయి: కాలిఫోర్నియా, హవాయి, మసాచుసెట్స్, న్యూజెర్సీ, రోడ్ ఐలండ్. ఉదారవాదానికి పేరు మోసిన రాష్ట్రాలే ఈ జాబితాలో నిండుగా ఉండడం చూసి చాలామంది ఆశ్చర్యపోయారు. పోలీసు సంఘాల పలుకుబడి బలంగా ఉన్నచోట ఏ పార్టీ ప్రభుత్వమైనా మెల్లగానే నడుస్తుందని నాకు అనిపిస్తుంది.

మసాచుసెట్స్ 2020 డిసెంబరు 31న చట్టం చేసి తొమ్మిది మంది సభ్యులతో కమిషన్ వేసింది. అప్పటికే ఉద్యోగంలో ఉన్న వేలాది మందిని ఒక్కసారి పరిశీలించలేరు కాబట్టి ఇంటిపేరు అక్షరక్రమంలో మూడు వాయిదాలు పెట్టారు. మొదటి వరుసవారికి 2022 జులై 1, రెండో వరుసకు 2023, చివరి వరుసకు 2024. కమిషన్ వద్ద పాత ఫిర్యాదుల చిట్టా కూడా అప్పుడే పోగయింది. సర్టిఫికెట్ ఇవ్వడం అనే పని వల్ల కలిగే అసలు ప్రయోజనం అది అనుకుంటాను. పునరుద్ధరణ వంకతో ప్రతి మూడేళ్లకూ ఒకసారి శాఖాధిపతి తన మనుషుల గురించి సంతకం పెట్టి చెప్పవలసి వస్తుంది.

ప్రశ్న: కాలిఫోర్నియా చట్టాన్ని అన్నిటికంటె కట్టుదిట్టమైనదిగా మా అధ్యాపకులు చెప్పారు. ఏయే తప్పులకు సర్టిఫికెట్ రద్దవుతుంది, పద్ధతి ఏమిటి, ఎవరు తీర్పు చెబుతారు?
– న్యాయశాస్త్ర విద్యార్థి, విశాఖపట్నం

జవాబు: అన్నిటికంటె కట్టుదిట్టమైనదో కాదో గాని, బాగా ఆలస్యంగా వచ్చిన పెద్ద చట్టాల్లో ఒకటి అన్నది మాత్రం వాస్తవం. దాని పూర్వకథ విచిత్రమైనది. పోలీసు అధికారుల ప్రమాణాలు, శిక్షణల కమిషన్‌కు అక్కడ ఒకప్పుడు సర్టిఫికెట్ రద్దు చేసే కొద్దిపాటి అధికారం ఉండేది. 2003లో శాసనసభ ఆ అధికారాన్ని కూడా తీసివేసింది. ఆ తరువాత దాదాపు ఇరవై ఏళ్ల పాటు, దేశంలో అత్యధిక జనాభా ఉన్న రాష్ట్రంలో నేరం రుజువై అనర్హుడైతే తప్ప అధికారి సర్టిఫికెట్‌ను కదిలించే దారి లేకుండా పోయింది.

గార్డీనా పట్టణంలో 2018లో పోలీసు కాల్పుల్లో మరణించిన కెన్నెత్ రాస్ జూనియర్ అనే యువకుడి పేరు పెట్టిన చట్టంపై గవర్నర్ గావిన్ న్యూసమ్ 2021 సెప్టెంబరు 30న అదే పట్టణంలో సంతకం చేశారు. శాసనసభలో దానిని సెనెట్ బిల్లు 2 అని పిలిచారు. 2023 జనవరి 1 నుంచి రద్దు ప్రక్రియ మొదలయింది.

‘తీవ్రమైన దుష్ప్రవర్తన’ కింద చట్టం తొమ్మిది విషయాలను పేర్కొంది. నివేదికల్లోనూ సాక్ష్యంలోనూ అబద్ధం చెప్పడం, అధికార దుర్వినియోగం, మితిమీరిన బలప్రయోగంతో సహా దేహహింస, లైంగిక దాడి, జాతి మతాది కారణాలతో వివక్ష చూపడం, పదవీ ప్రమాణానికి విరుద్ధమైన ఘోరమైన చట్ట ఉల్లంఘన, పోలీసుల్లోనే ఏర్పడే ముఠాలలో పాల్గొనడం, దుష్ప్రవర్తన విచారణకు సహకరించకపోవడం, సాటి అధికారి అన్యాయంగా బలం ప్రయోగిస్తుంటే పక్కన నిలబడి ఆపకపోవడం. చివరిది, సాటి అధికారులు అడ్డుకోకుండా ఉండిపోయిన ఫ్లాయిడ్ ఉదంతం నుంచి నేరుగా వచ్చిందని చెప్పనవసరం లేదు. ముఠాల మాట మన పాఠకులకు కొత్తగా తోచవచ్చు. లాస్ ఏంజిలిస్ కౌంటీ షెరీఫ్ కార్యాలయంలో ఒంటిమీద ఒకే రకం పచ్చబొట్టు పొడిపించుకున్న అధికారుల గుంపుల మీద ఎన్నో ఏళ్లుగా ఆరోపణలు, విచారణలు నడిచాయి.

ఇక పద్ధతి. అధికారి మీద ఇలాంటి ఆరోపణ వచ్చిన 10 రోజుల లోపల అతని శాఖ కమిషన్‌కు తెలియజేయాలి. ఫిర్యాదును ప్రజలు నేరుగా కమిషన్‌కు కూడా పంపవచ్చు. అధికారి రాజీనామా చేసినా శాఖ తన విచారణను చివరి వరకు నడిపి ఫలితం పంపాలి. ఈ ఒక్క నియమం తొమ్మిది కారణాల జాబితా కంటె ముఖ్యమైనదని నా అభిప్రాయం. ఎందుకంటే విచారణ ముదిరే లోపు రాజీనామా ఇచ్చి, రికార్డులో ‘స్వచ్ఛందంగా వెళ్లిపోయారు’ అని రాయించుకొని ఇంకో ఊరు చేరడమే ఈ తిరుగుడు అధికారులకు అలవాటైన మార్గం. శాఖకూ అది సుఖమే. తలనొప్పి తప్పుతుంది, కోర్టు ఖర్చు తప్పుతుంది.

కమిషన్‌లోని విచారణ విభాగం రద్దుకు తగిన ఆధారం ఉందని తేలిస్తే అధికారికి నోటీసు ఇస్తుంది. ఆయన 30 రోజుల్లో సమీక్ష కోరవచ్చు. కోరితే తొమ్మిది మంది సభ్యుల సలహా మండలి బహిరంగంగా విచారిస్తుంది. ఈ మండలి కూర్పు మీరు పరీక్షల్లో రాయదగినది: పోలీసు అనుభవం ఉన్నవారు ఇద్దరే, పోలీసుల జవాబుదారీతనం మీద విద్యాసంస్థల్లో, స్వచ్ఛంద సంస్థల్లో, స్థానిక ప్రజాసంఘాల్లో పని చేసినవారు నలుగురు, న్యాయవాది ఒకరు, మిగిలిన ఇద్దరు సామాన్య ప్రజల నుంచి, అందులోనూ పోలీసుల అన్యాయపు బలప్రయోగానికి గురైనవారికి గాని అలా చనిపోయినవారి కుటుంబ సభ్యులకు గాని ప్రాధాన్యం. ఆరోపణ స్పష్టమైన, నమ్మదగిన సాక్ష్యంతో నిలిస్తేనే మండలి రద్దుకు సిఫారసు చేయాలి. ఆ సిఫారసు కమిషన్‌కు వెళుతుంది. అక్కడ హాజరైన సభ్యుల్లో మూడింట రెండు వంతుల మంది అంగీకరించాలి. అప్పటికీ అధికారి ఒప్పుకోకపోతే పాలనాపరమైన న్యాయమూర్తి ముందు పూర్తి విచారణ, ఆపైన కోర్టు.

ఇన్ని మెట్లు ఉన్నాయి కాబట్టి కాలం పడుతుంది. అంతవరకూ ప్రజలకు ప్రమాదం అనిపిస్తే కమిషన్ సర్టిఫికెట్‌ను తాత్కాలికంగా నిలిపివేయవచ్చు.

ఒక చిన్న పోలిక చెప్పి ముగిస్తాను. వాషింగ్టన్‌లో కాలిఫోర్నియా కంటె తక్కువ రుజువు చాలు. ఆరోపణ నిజం కాకపోవడం కంటె నిజం కావడానికే ఎక్కువ అవకాశం ఉందని తేలితే కమిషన్ చర్య తీసుకోవచ్చు. ఒకే తప్పుకు ఒక రాష్ట్రంలో సన్నదు పోయి, ఇంకో రాష్ట్రంలో నిలిచే పరిస్థితి ఇందువల్ల కూడా వస్తుంది. చట్టం చదివేటప్పుడు నేరాల జాబితాను చూసి ఆగిపోక, రుజువు భారం ఎంతో రాసిన వాక్యం వెతకడం అలవాటు చేసుకోండి.

ప్రశ్న: ముప్పై నాలుగు సంవత్సరాలు సర్వీసు చేసి ఎస్సైగా పదవీ విరమణ పొందాను. ప్రతి చిన్న ఫిర్యాదుకూ ఉద్యోగి అర్హతే తీసివేస్తామంటే ఎవడు డ్యూటీ చేస్తాడు? గిట్టనివాళ్లు పెట్టే తప్పుడు ఫిర్యాదుల గురించి అక్కడ ఆలోచించలేదా?
– విశ్రాంత పోలీసు అధికారి, వరంగల్

జవాబు: అయ్యా, మీ ఆందోళనను తీసిపారవేయను. అయితే ‘ప్రతి చిన్న ఫిర్యాదుకూ’ అన్న మాట ఈ వ్యవస్థకు వర్తించదు. పైన చెప్పిన మెట్లన్నీ అధికారికి ఉన్న రక్షణలే. దురుసుగా మాట్లాడాడు, ఆలస్యంగా వచ్చాడు వంటివి శాఖాపరమైన మందలింపుతో పోతాయి. అవి కమిషన్ గడప తొక్కవు.

మీకు ఆసక్తి కలిగించే తీర్పు ఒకటి చెబుతాను. గారిటీ వర్సెస్ న్యూజెర్సీ అన్న కేసులో అమెరికా సుప్రీంకోర్టు 1967లో, ఉద్యోగం పోతుందన్న బెదిరింపు కింద శాఖాపరమైన విచారణలో అధికారి చేత చెప్పించిన మాటలను అతని మీద క్రిమినల్ కేసులో వాడకూడదని నిర్ణయించింది. దాని ఫలితంగా క్రిమినల్ దర్యాప్తు ఒక దారి, శాఖాపరమైన చర్య ఒక దారి, సన్నదు రద్దు ఇంకొక దారి అయ్యాయి. మూడింటికీ కొలబద్దలు వేరు. జాహ్నవి కేసులోనే చూడండి. నేరారోపణ చేయడానికి తగిన ఆధారం లేదని సియాటిల్ ఉన్న కింగ్ కౌంటీ ప్రాసిక్యూటర్లు 2024 ఫిబ్రవరిలో ప్రకటించారు. అంతమాత్రాన కొలువు మిగలలేదు. 2025 జనవరిలో సియాటిల్ శాఖ ఆ అధికారిని తొలగించింది. ఆమె మరణం గురించి ఫోనులో నవ్వుతూ చులకనగా మాట్లాడి బాడీ కెమెరాకు దొరికిపోయిన రెండో అధికారిని అంతకు ఆరు నెలల ముందే తొలగించారు. ఆ రెండో అధికారి చేసినదానికి శిక్షాస్మృతిలో సెక్షను లేదు, పోలీసు వృత్తికి తగనిదన్న మాట మాత్రం ఉంది.

మీ మాటలో నేను ఒప్పుకునే భాగం కూడా ఉంది. తుది నిర్ణయం రాకముందే సర్టిఫికెట్ నిలిపివేస్తే ఆ అధికారికి రాష్ట్రంలో ఎక్కడా పని దొరకదు. తరువాత నిర్దోషి అని తేలినా పోయిన కాలం తిరిగి రాదు. పైగా పదిమంది ఉండే చిన్న శాఖలో శాఖాధిపతికి కోపం ఉన్న మనిషి మీదే ముందుగా నివేదిక వెళ్లే ప్రమాదం ఉంది. బహిరంగ విచారణ అందుకే మంచిదని నేను అనుకుంటాను. నివేదిక రాసినవారి ఉద్దేశం కూడా అక్కడ నలుగురి కళ్ల ముందుకు వస్తుంది.

ప్రశ్న: మావారిని డాలస్ దగ్గర ఒక రాత్రి కారు ఆపించి, రోడ్డు పక్కన కూర్చోబెట్టి, అవమానకరంగా మాట్లాడారు. చేతులు కూడా మెలితిప్పారు. చివరికి టికెట్ కూడా ఇవ్వకుండా పంపేశారు. ఇప్పుడు ఎవరికి చెప్పుకోవాలి? రాష్ట్ర కమిషన్‌కు రాస్తే ఆ అధికారి లైసెన్సు రద్దు చేస్తారా? భారత కాన్సులేట్‌కు రాయమంటారా?
– ఒక పాఠకురాలు, టెక్సాస్

జవాబు: అమ్మా, ముందు చేయవలసిన పని ముందు చెబుతాను. టెక్సాస్‌లో పోలీసుల బాడీ కెమెరా దృశ్యాలను కనీసం 90 రోజులు భద్రపరచాలన్నది నియమం. ఆ తరువాత చెరిపివేసినా అడిగే దిక్కు ఉండదు. కాబట్టి ఫిర్యాదు ఎలా రాయాలా అని ఆలోచిస్తూ కూర్చోకుండా, ఈ వారంలోనే ఆ దృశ్యం కోసం రాతపూర్వకంగా దరఖాస్తు చేయండి. అందులో తేదీ, ఇంచుమించు సమయం, కచ్చితమైన స్థలం, దృశ్యంలో ఉన్న ఒకరి పేరైనా ఉండాలి. మీవారి పేరు రాస్తే సరిపోతుంది. చేతికి నొప్పి ఉంటే వైద్యుడికి చూపించి కాగితం తీసుకోండి.

తరువాత ఫిర్యాదు. ఆ రాష్ట్ర చట్టం ప్రకారం పోలీసు అధికారి మీద ఫిర్యాదును శాఖాధిపతి పరిగణనలోకి తీసుకోవాలంటే అది రాతపూర్వకంగా ఉండాలి, ఫిర్యాదుదారు సంతకం ఉండాలి. ఫోను చేసి చెప్పి ఊరుకుంటే లెక్కలోకి రాదు. ఫిర్యాదు ప్రతి ఒకటి ఆ అధికారికి కూడా ఇస్తారు, కాబట్టి జరిగినదే రాయండి; కోపంలో ఒక్క మాట పెంచి రాసినా మిగతా పది నిజాలూ బలహీనపడతాయి.

టెక్సాస్‌లో పోలీసు లైసెన్సులు ఇచ్చేది టెక్సాస్ కమిషన్ ఆన్ లా ఎన్‌ఫోర్స్‌మెంట్. మీరు రాసిన సంఘటన ఒక్కదానితో లైసెన్సు రద్దవుతుందని ఆశ పెట్టుకోవద్దు. రాష్ట్ర ప్రభుత్వ సంస్థల పనితీరును సమీక్షించే సన్‌సెట్ సంఘమే కొన్నేళ్ల క్రితం ఈ లైసెన్సు వ్యవస్థను కోరలు లేనిదిగా తేల్చింది. అధికారి శాఖను విడిచినప్పుడు అతని నిష్క్రమణ గౌరవప్రదమా, సాధారణమా, అగౌరవమా అని ఫారంలో రాసేవారు. ఆ ముద్ర మీద అప్పీళ్లు నడవడమే తప్ప తప్పు చేసినవారిని ఆపిన సందర్భాలు తక్కువ. ఆ ముద్రలను తీసివేస్తూ, కమిషన్‌కు మరికొన్ని అధికారాలు ఇస్తూ 2023లో చట్టాన్ని సవరించారు. అయినా అది ముందుగా చూసేది శాఖ పంపిన కాగితాన్నే. కాబట్టి మీ సంతకంతో ఉన్న ఫిర్యాదు ఆ శాఖ ఫైలులో చేరడమే ప్రస్తుతానికి మీరు చేయగలిగిన పెద్ద పని. రేపు ఇంకొకరి చేయి మెలితిప్పినప్పుడు ఆ ఫైలు తెరుస్తారు.

కాన్సులేట్‌కు లైసెన్సు విషయంలో ఏ పాత్రా లేదు. జాహ్నవి ఉదంతంలో శాన్‌ఫ్రాన్సిస్కోలోని మన కాన్సులేట్ సియాటిల్ అధికారులకు ఆందోళన తెలియజేసింది, అది దౌత్యపరమైన ఒత్తిడి మాత్రమే. సమాచారం కోసం ఒక ప్రతి పంపితే తప్పు లేదు.

ప్రశ్న: అమెరికా మొత్తానికి కలిపి ఒకే జాబితా పెట్టుకుంటే ఈ బాధే ఉండదు గదా?
– ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: ఉన్నది, ఉండీ లేనట్టున్నది. సర్టిఫికెట్ రద్దయినవారి పేర్లతో జాతీయ సూచిక ఒకటి రెండు దశాబ్దాలకు పైగా నడుస్తోంది. దానిని నడిపేది కేంద్ర ప్రభుత్వం కాదు, రాష్ట్ర శిక్షణ కమిషన్ల డైరెక్టర్ల సంఘం. అందులో పేరు, చర్య తీసుకున్న రాష్ట్రం వంటి ఆనవాళ్లు దొరుకుతాయి. అసలు ఏం జరిగిందో ఆ రాష్ట్రాన్ని అడిగి తెలుసుకోవాలి. సన్నదు రద్దు కాకుండా కొలువు మాత్రమే పోయినవారి పేర్లు సాధారణంగా అందులో కనిపించవు. అంటే ఆదోని పాఠకురాలు అడిగిన సందర్భానికి అది వల విసిరినా చేప పడని చోటు.

కేంద్ర ప్రభుత్వ పోలీసు సంస్థల ఉద్యోగుల కోసం వేరే జాబితా ఒకటి అధ్యక్షుడు బైడెన్ ఉత్తర్వుతో 2023 డిసెంబరులో ప్రారంభమయింది. అధ్యక్షుడు ట్రంప్ 2025 జనవరిలో ఆ ఉత్తర్వును ఉపసంహరించడంతో అది మూతపడింది. ఏడాది పైన ఒక నెల బతికింది.

ప్రశ్న: మన రెండు రాష్ట్రాల్లో పోలీసులకు ఇలాంటి సర్టిఫికెట్ పద్ధతి ఎందుకు లేదు?
– ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: మన దగ్గర యజమాని ఒకరే కాబట్టి ఒక ఊరి నుంచి పోయి ఇంకో ఊరిలో కొత్తగా చేరే సమస్య అదే రూపంలో లేదు. మన సివిల్ సర్వీసు నియమాల్లో ‘తొలగింపు’, ‘బర్తరఫు’ అని రెండు వేర్వేరు శిక్షలు ఉన్నాయి. తొలగింపునకు గురైనవారు మళ్లీ ప్రభుత్వ ఉద్యోగానికి అనర్హులు కారు. బర్తరఫు అయినవారు మామూలుగా అనర్హులవుతారు. సన్నదు రద్దుకు మన దగ్గర దగ్గరి చుట్టం ఈ బర్తరఫే.

బయటి కన్ను మాత్రం మనకూ అవసరమేనని సుప్రీంకోర్టు ప్రకాశ్ సింగ్ కేసులో 2006 సెప్టెంబరు 22న చెప్పింది. మాజీ డీజీపీ ఒకరు 1996లో వేసిన పిటిషను అది, పదేళ్లకు తీర్పు వచ్చింది. ఇచ్చిన ఏడు ఆదేశాల్లో రాష్ట్ర భద్రతా కమిషన్, రాష్ట్ర, జిల్లా స్థాయిల్లో పోలీసు ఫిర్యాదుల ప్రాధికార సంస్థలు ఉన్నాయి. డీఎస్పీ స్థాయి వరకు జిల్లా సంస్థ, ఎస్పీ ఆపైన రాష్ట్ర సంస్థ చూడాలి. అధ్యక్షులుగా విశ్రాంత న్యాయమూర్తులు ఉండాలి. అమెరికా కమిషన్ల వలె వీటికి అర్హతను రద్దు చేసే అధికారం లేదు, చర్య తీసుకోవలసింది మళ్లీ శాఖే. ఈ సంస్థల గురించి విడిగా రాయమని పలువురు అడిగారు, మరో సంచికలో రాస్తాను.

ప్రశ్న: మా మనవడు కాలిఫోర్నియాలో పుట్టలేదు గాని గ్రీన్‌కార్డు ఉంది. పోలీసు ఉద్యోగంలో చేరతానంటున్నాడు. అర్హత ఉందా? శిక్షణ ఎంత కాలం?
– ఒక తాతగారు, రాజమహేంద్రవరం

జవాబు: ఉంది. పౌరసత్వం తప్పనిసరి అన్న నియమాన్ని ఆ రాష్ట్రం 2023 జనవరి నుంచి తీసివేసింది. కేంద్ర చట్టం ప్రకారం పని చేసే అనుమతి ఉంటే చాలు. వయసు 21 నిండాలి. వేలిముద్రలు, పూర్వాపరాల విచారణ, వివక్షా ధోరణులను కూడా పరిశీలించే మానసిక పరీక్ష ఉంటాయి. పెద్ద నేరంలో శిక్ష పడి ఉండకూడదు. కనీస ప్రాథమిక శిక్షణ 664 గంటలు, చాలా అకాడమీలు అంతకు మించే ఇస్తాయి. అదే రాష్ట్రంలో జుట్టు కత్తిరించే పనికి లైసెన్సు కావాలంటే 1,000 గంటల శిక్షణ కావాలి, ఎడిసన్ పాఠకుడు ఇది చూసి నవ్వుకుంటారేమో. మీ మనవడు పూర్వ ఉద్యోగాల వివరాలు ఏమీ దాచకుండా దరఖాస్తు నింపమనండి; అందులో అబద్ధం రాయడం ఆ ఒక్క ఉద్యోగానికే కాదు, తరువాత సర్టిఫికెట్‌కు కూడా ఎసరు పెట్టగలదు.